నెల్లూరులో నాలుగు రోజుల ఏఐ క్లాసులు: మొదటి రోజు మానేసినా పర్లేదు, మూడో రోజు మాత్రం మిస్ కావద్దు

ఇది డిగ్రీ కాలేజీల్లో, యూనివర్సిటీల్లో పనిచేసేవాళ్ల కోసం రాస్తున్నా, లెక్చరర్లకే కాదు, ఆఫీసు స్టాఫ్, లైబ్రరీవాళ్లు, ల్యాబ్ అసిస్టెంట్లు, చదువుకునే పిలకాయలు అందరికీ. నేను ఒంగోలులో తెలుగు లెక్చరర్‌ని, పదహారేళ్ల సర్వీసు. పోయిన నెల వరసగా రెండు వారాలు శని ఆదివారాలు పొద్దున్నే పినాకిని రైలు ఎక్కి నెల్లూరు పోయి, అక్కడ ఒక ప్రైవేటు సెంటర్‌వాళ్లు కాలేజీ స్టాఫ్‌కీ విద్యార్థులకీ కలిపి పెట్టిన ఏఐ అవగాహన క్లాసుల్లో కూర్చున్నా. ఫీజు మాకు 3,500, విద్యార్థులకి 1,500, మధ్యాహ్నం భోజనం వాళ్లదే. సెంటర్ పేరు రాయట్లేదు, నాకు నచ్చనివన్నీ వాళ్లకే కాగితం మీద రాసిచ్చి వచ్చా, అది చాలు. ఇట్లాంటి సెంటర్లు ఇప్పుడు నెల్లూరు, ఒంగోలు, కావలి ఎక్కడ చూసినా కనపడుతున్నాయి కదా, డబ్బు కట్టేముందు ఏం అడగాలో ఏం చూడాలో తెలుస్తుందని ఇంత పొడుగ్గా రాస్తున్నా.

అసలు నేనెందుకు పోయానో ముందు చెప్పాలి. కిందటేడు మా దగ్గర ఫైనలియర్ పిల్ల ఒకమ్మాయి, పడమటి ప్రకాశం వైపు పల్లెటూరు, పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇంగ్లీషులో ఒక సెమినార్ పేపర్ రాసింది. ఎవరో దాన్ని ఆన్‌లైన్‌లో ఫ్రీగా దొరికే ఏఐ డిటెక్టర్‌లో వేశారు, 80 శాతం పైన ఏఐ రాసిందని ఎర్రగా చూపించింది, ముగ్గురం కూర్చుని చూసి సున్నా వేశాం, ఆ కాగితం మీద నా సంతకం కూడా ఉంది. ఆ పిల్ల ఏడ్చింది, "నేనే రాశాను మేడం, డిక్షనరీ పెట్టుకుని రాశాను" అంది. మెషీన్ చెప్పిన తర్వాత ఇంక మాటేముంది అనుకున్నాం మేం ముగ్గురం. కానీ ఆ రోజు నుంచి నాకు మనసులో ఒకటే పోరు, ఆ మెషీన్ ఏం చూసి చెప్పిందో నాకు తెలీదు, తెలీకుండానే ఒక పిల్ల మార్కుల మీద సంతకం పెట్టేశానే అని. అందుకే ఈ క్లాసుల సంగతి వినగానే డబ్బు కట్టేశా.

మొదటి రోజు గురించి ఎక్కువ రాయను. ప్రొజెక్టర్ పెట్టి ఒకాయన పొద్దున్నుంచి సాయంత్రం దాకా యాభైకి పైగా టూల్స్ పేర్లు చెప్పుకుంటూ పోయారు, దీంతో పీపీటీ చేయొచ్చు, దీంతో బొమ్మ గీయొచ్చు, దీంతో వీడియో, దీంతో రెజ్యూమె. సాయంత్రానికి ఎవరికీ నాలుగు పేర్లు కూడా గుర్తులేవు. టూల్స్ ఆరునెలలకోసారి మారిపోతాయి, వాటి పేర్ల కోసం అంత దూరం నుంచి పోవాల్సిన పని లేదు. మీ ఊళ్లో ఎవరైనా ఏఐ ట్రైనింగ్ అని కరపత్రం ఇస్తే దాన్లో టూల్స్ జాబితా తప్ప ఇంకేం లేకపోతే ఆ డబ్బు దాచుకోండి. భోజనం మాత్రం బాగుంది, అన్నం పప్పు వంకాయ కూర, మాంసాహారం తినేవాళ్లకి చేపల పులుసు, నెల్లూరు పోయి పులుసు బాగలేదనే మాట ఎట్లాగూ రాదు.

రెండో రోజు వేరే మేడం వచ్చారు, కంప్యూటర్ సైన్స్ చెప్పి మానేసి ఇప్పుడు ట్రైనింగే చేస్తున్నారంట, తమిళనాడు బార్డర్ వైపు మనిషి, సూళ్లూరుపేట యాస. ప్రొజెక్టర్ ఆపేశారు. బోర్డు మీద "ఆడలేక మద్దెల" అని రాసి ఆగారు, క్లాసు మొత్తం ఒక్కసారిగా "ఓడు" అనేసింది. తర్వాత "నెల్లూరు చేపల" అన్నారు, "పులుసు" అన్నాం. "మీరెవరూ ఆలోచించలా, ఇంతకుముందు వేలసార్లు విన్నారు కాబట్టి తర్వాత మాట దానంతటదే వచ్చింది, చాట్‌జీపీటీ లాంటిది చేసే పని మూలం ఇదే, కోట్ల కోట్ల వాక్యాలు చదివి తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువుందో లెక్కేసి పెడతా పోతది" అన్నారు. ఆ తర్వాత "మా వీధి చివర ఇంట్లో ఉండే" అని రాసి ఆగారు, అందరం గమ్మున ఉన్నాం. "చూశారా, మీకు తెలీకపోతే ఆగారు. అది చాలాసార్లు ఆగదు. ఏదో ఒక మాట పెట్టేస్తది, పెట్టింది కూడా చాలా చక్కగా పెడతది" అన్నారు. పదిహేను నిమిషాలు కూడా పట్టలేదు, ఇంత స్పష్టంగా నాకు ఇంకెవరూ చెప్పలేదు.

తెలుగు సంగతి కూడా అదే రోజు చెప్పారు, ఇది నన్ను బాగా పట్టేసింది. చాట్‌జీపీటీ లాంటి ఈ మోడళ్లు అక్షరాలని మనలాగా చూడవు, టోకెన్లు అని ముక్కలు చేసుకుంటాయి. కంప్యూటర్‌లో అక్షరాల్ని దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరం ఒక బైట్ అయితే తెలుగులో ఒక్కో గుర్తుకి మూడు బైట్లు పడతాయి. "స్త్రీ" అని రాయండి, మనకి అది ఒకే అక్షరం, కంప్యూటర్‌కి స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం ఆరు గుర్తులు, పద్దెనిమిది బైట్లు. నేను నోట్‌బుక్‌లో రాసుకుని లెక్కపెట్టా, నిజమే. దీనికి తోడు మోడల్ చదివిన వాటిల్లో ఇంగ్లీషు గుట్టలు గుట్టలు, తెలుగు కొంచెం. అందుకని అదే విషయం తెలుగులో అడిగితే ఎక్కువ ముక్కలు ఖర్చయి, తప్పులు కూడా ఎక్కువ వచ్చే అవకాశం ఉంటుంది. మద్రాసు ఐఐటీలో ఏఐ4భారత్ వాళ్లు, కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన భాషిణి, ఇవన్నీ మన భాషల డేటా పెంచే పనిలోనే ఉన్నాయని చెప్పారు. తెలుగు డిపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లం మాకేం సంబంధం అని కూర్చుంటాం గానీ మంచి తెలుగు ఎక్కించే పని మనది కాకపోతే ఎవరిది?

మూడో రోజు. డబ్బంతా ఈ ఒక్క రోజుకే చెల్లు. మేడం ఒకటే పని ఇచ్చారు: మీకు బాగా తెలిసిన విషయం, చేతిలో పుస్తకం పెట్టుకుని రుజువు చేయగలిగిన విషయం ఒకటి అడగండి, వచ్చిన జవాబులో ప్రతి వాక్యం పక్కన నిజమో అబద్ధమో తేలదో రాయండి. అంతే. నాతో ఉన్న పాత భారతం ప్రతి తీసి బల్ల మీద పెట్టుకుని, అరణ్యపర్వంలో తిక్కన రాసిన ఒక ఉత్పలమాల ఇచ్చి తాత్పర్యం చెప్పమని అడిగా. తెలుగు చదివినవాళ్లకి తెలుసు, ఈ ప్రశ్నలోనే తప్పుంది. నన్నయ ఆది, సభా పర్వాలు రాసి అరణ్యంలో సగంలో ఆపేశాడు, నెల్లూరు తిక్కన విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు రాశాడు, మధ్యలో మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని తర్వాత మన ప్రాంతంవాడైన ఎర్రన పూర్తిచేశాడు. తిక్కన అరణ్యపర్వం జోలికే పోలేదు. ఆ టూల్ ఆ మాట చెబుతుందేమోనని చూశా. చెప్పలేదు. "తప్పకుండా" అంటూ నాలుగు పాదాలు ఇచ్చేసింది, కింద తాత్పర్యం, కవి హృదయం అని ఇంకో పేరా.

ఆ పద్యం నేను ఇంకా దాచిపెట్టుకున్నా. చూపుకి భలే ఉంది, సంస్కృత సమాసాలు, వనము, ధర్మజుడు, కన్నీరు, అన్నీ ఉన్నాయి. ఉత్పలమాల అంటే భ ర న భ భ ర వ గణాలు, పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతి, రెండో అక్షరం ప్రాస. పెన్సిల్ తీసుకుని గురువు లఘువు వేసుకుంటూ పోయా. మొదటి పాదం పదిహేడు అక్షరాలు. రెండోది ఇరవై రెండు. మొదటి అక్షరమే లఘువు, భగణం గురువుతో మొదలవ్వాలి కదా, అక్కడే పోయింది. ప్రాస నాలుగు పాదాల్లో నాలుగు రకాలు. పుస్తకమంతా వెతికినా ఆ పద్యం లేదు, ఉండదు కూడా. నా పక్కన కూర్చున్న బీఏ సెకండియర్ కుర్రాడు ఇదంతా చూసి "ఏంది మేడం ఇది, తిక్కనకి లేని పర్వం అంటగట్టి లేని పద్యం కూడా రాసిచ్చిందే, నేనైతే ఇదే అసైన్‌మెంట్‌లో పెట్టేసేవాణ్ణి" అన్నాడు. పెట్టేసేవాడే, అందులో వాడి తప్పెంత, గణాలు వేయడం మేము సరిగ్గా నేర్పలేదు.

ఇంకొక సార్ లేచి ఎర్రన కూడా నన్నయ శైలి పట్టుకుని తేడా తెలీకుండా పూర్తిచేశాడుగా, ఇదీ అట్లాంటిదే కదా అన్నారు. మంచి ప్రశ్న. మేడంకి సాహిత్యం పెద్దగా తెలీదు, నన్ను చెప్పమన్నారు. ఎర్రన ముందు వ్యాసుడి కథ ఉంది, ఏం రాసినా దాన్ని చూసుకుని రాశాడు, తప్పు రాస్తే చదివినవాళ్లు పట్టుకుంటారని తెలుసు. దీని ముందు అట్లా ఏదీ లేదు, మాటకి మాట తోడయింది, అంతే. నోటికొచ్చినట్టు చెప్పా గానీ అప్పటి నుంచి నేను దాన్నే పట్టుకుని ఆలోచిస్తున్నా.

మిగతావాళ్ల సంగతి కూడా కొంచెం చెప్పాలి. జువాలజీ సార్ ఒకరు, ఆయన సొంతూరు చుట్టూ రొయ్యల చెరువులే, వనామీ రొయ్యకి తెల్లమచ్చ తెగులు వస్తే ఏం మందు వేయాలి అని తెలుగులో అడిగారు. ఆ తెగులు వైరస్ వల్ల వచ్చేది, దానికి మందు లేదు, రాకుండా చూసుకోవడమే, మంచి సీడ్, చెరువు శుభ్రం, పక్క చెరువు నీళ్లు కలవకుండా చూసుకోవడం. టూల్ మాత్రం తెలుగులో యాంటీబయాటిక్ పేరూ మోతాదూ ఇచ్చింది, అదే ప్రశ్న ఇంగ్లీషులో అడిగితే చికిత్స లేదని సరిగ్గానే చెప్పింది. ఆయన ముఖం మారిపోయింది. "మా ఊరి రైతు ఫోన్‌లో తెలుగులోనే అడుగుతాడు మేడం" అన్నారు. యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు సరే, రొయ్యలో దాని ఆనవాళ్లు దొరికితే ఎగుమతి కంటైనర్ వెనక్కొస్తుంది, అప్పుడు రైతు పరిస్థితి ఏంటి?

నాలుగో రోజు ఆఫీసు స్టాఫ్‌దీ, పరీక్షలదీ. మా పక్క కాలేజీ నుంచి పరీక్షల విభాగంలో సీనియర్ అసిస్టెంట్ ఒకాయన వచ్చారు, పెద్దాయన, పని బాగా తెలిసిన మనిషి. మార్కుల లిస్టులు పేర్లు, హాల్‌టికెట్ నంబర్లు, ఫోన్ నంబర్లతో సహా ఫ్రీ అకౌంట్‌లో పేస్ట్ చేసి సగటు తీయమంటున్నానని దాచుకోకుండా చెప్పారు. మేడం ఆయన్ని తప్పు పట్టలేదు, అది నాకు బాగా నచ్చింది. పక్కన కూర్చుని మూడు పనులు చేయించారు. పేర్లూ నంబర్లూ తీసేసి వరసగా అంకెలు పెట్టించారు. సెట్టింగ్స్‌లోకి పోయి మన మాటల్ని మోడల్ ట్రైనింగ్‌కి వాడుకోవడం ఆపే మీట ఎక్కడుందో చూపించారు. ఆఖరికి అసలు ముఖ్యమైంది, 62 మంది మార్కుల సగటు దాన్నే చెప్పమని, అదే సగటు ఎక్సెల్‌లో తీసి పక్కపక్కన పెట్టించారు. రెండూ కలవలేదు. "దీన్ని లెక్క అడగొద్దు సార్, ఎక్సెల్‌లో ఫార్ములా ఎట్లా రాయాలో అడగండి, లెక్క ఎక్సెల్ చేస్తది" అన్నారు. ఆయన వెంటనే ఫార్ములా అడిగి, డిపార్ట్‌మెంట్ల వారీగా పాస్ శాతం పది నిమిషాల్లో తీసేశారు, రోజంతా పట్టే పనంట అది. పిల్లల వివరాలు బయటపెట్టడం గురించి 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి కూడా చెప్పారు గానీ హడావిడిగా చెప్పారు, ఆఫీసువాళ్లకి అదొక్కటే పూటంతా పెట్టినా సరిపోదు.

డిటెక్టర్ల సంగతి మధ్యాహ్నం వచ్చింది, నేను దానికోసమే కాచుక్కూర్చున్నా. ఈ డిటెక్టర్లు చాలావరకు చూసేది మాటలు ఎంత ఊహించగలిగేటట్టు ఉన్నాయన్నది. తర్వాత మాట సులువుగా ఊహించేటట్టుంటే ఏఐ అంటుంది, ఊహకందకుండా ఉంటే మనిషి అంటుంది. ఇప్పుడు ఇంగ్లీషు ఆలస్యంగా నేర్చుకున్న పిల్ల ఎట్లా రాస్తుంది? తెలిసిన కొద్దిమాటలతో, చిన్నచిన్న వాక్యాలతో, పుస్తకంలో చూసినట్టే రాస్తుంది. అది ఊహించడం సులువు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు రాసిన టోఫెల్ (ఇంగ్లీషు పరీక్ష) వ్యాసాలు 91 తీసుకుని ఏడు డిటెక్టర్లకి ఇస్తే సగటున సగానికి పైగా వ్యాసాలు ఏఐ రాసినవని తేల్చాయి, అన్నీ మనుషులు రాసినవే. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐ వాళ్లే 2023 జనవరిలో సొంత డిటెక్టర్ ఒకటి వదిలి, సరిగ్గా పట్టుకోలేకపోతోందని అదే జూలైలో తీసేశారు. ఇది విన్నాక నేను కాసేపు బయటికి పోయి నిలబడ్డా. మా డిపార్ట్‌మెంట్‌లో ఇంకో గందరగోళం కూడా ఉంది, కాపీ రాతల మీద యూజీసీ పెట్టిన 2018 నిబంధనల్లో 10 శాతం దాకా పోలిక ఉండొచ్చన్నది ఇంకొకరి రాతతో పోలిక గురించి, ఏఐ శాతం గురించి కాదు, రెండూ ఒకటే అనుకుని సంతకాలు పెడుతున్నాం.

విద్యార్థులకి కూడా గట్టిగానే చెప్పారు, అది వదలకూడదు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ పుట్టించిన లేని కేసుల పేర్లు కోర్టు కాగితాల్లో పెట్టి 5,000 డాలర్ల జరిమానా పడిన సంగతి చెప్పి, మీ ప్రాజెక్టు రిపోర్టు వెనక పెట్టే పుస్తకాల జాబితాలో ఒక్కొక్కటీ నిజంగా ఉందా లేదా లైబ్రరీలో చూసి టిక్ పెట్టమన్నారు. అక్కడికక్కడే ఒక ఎంకాం పిల్ల తన జాబితాలో పన్నెండింటిలో ఐదు ఎక్కడా దొరకట్లేదని కొట్టేసుకుంది.

లోటుపాట్లు చెబుతా. సిస్టమ్స్ 24, మనుషులు 41, మూడో రోజు లాంటి పనికి మనిషికొక సిస్టమ్ ఉండాలి, ఇద్దరిద్దరం ఒకరి భుజం మీద ఒకరం పడి చూశాం. రెండుసార్లు కరెంటు పోయింది, నెట్ మధ్యాహ్నం పూట నత్తనడక. ఇచ్చిన పుస్తకం మొత్తం ఇంగ్లీషులో ఉంది, మేడం తెలుగులో చెప్పింది ఒక్క ముక్క కూడా అందులో లేదు, ఆఫీసు స్టాఫ్‌లో సగం మంది దాన్ని తెరవరు. లైబ్రేరియన్లని పిలవనే లేదు, నిజానిజాలు వెతికి పట్టుకోవడం వాళ్ల వృత్తే కదా, వాళ్లే ఉండాల్సింది ముందు వరసలో. సర్టిఫికెట్ అందరికీ ఇచ్చేశారు, నాలుగో రోజు పదకొండింటికి వచ్చినవాళ్లకి కూడా, దానికి విలువేముంది. క్లాసులయిపోయాక అనుమానమొస్తే ఎవర్ని అడగాలో కూడా చెప్పలేదు.

డబ్బు పెట్టలేనివాళ్లకి ఒక మాట. హెల్సింకి యూనివర్సిటీవాళ్లు రియాక్టర్ అనే కంపెనీతో కలిసి 2018లో పెట్టిన ఎలిమెంట్స్ ఆఫ్ ఏఐ అనే కోర్సు ఆన్‌లైన్‌లో ఫ్రీ, ప్రోగ్రామింగ్ రాకపోయినా అర్థమవుతుంది, నేను సగం చేశా, ఇంగ్లీషు తేలికగానే ఉంది. యునెస్కో 2024లో ఏఐ విషయంలో టీచర్లకి 15, విద్యార్థులకి 12 సామర్థ్యాలు ఉండాలని రెండు చట్రాలు విడుదల చేసింది, అవీ ఫ్రీగా దొరుకుతాయి, రెండింట్లోనూ మొదట పెట్టింది మనిషిని మధ్యలో పెట్టుకుని ఆలోచించే దృష్టి, టూల్స్ ఆ తర్వాత. కాలేజీ ప్రిన్సిపాళ్లు ఎవరైనా చదువుతుంటే, బయటి నుంచి ట్రైనర్‌ని పిలిచేముందు ఆ రెండూ ప్రింట్ తీసి స్టాఫ్ రూంలో ఒక పూట చదివించండి. యూరప్‌లో అయితే 2025 ఫిబ్రవరి 2 నుంచి ఏఐ వాడే సంస్థలు తమ సిబ్బందికి అవగాహన కల్పించాలని చట్టంలోనే పెట్టారు, మనం చట్టం వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు.

మార్కులు వేయమంటే మొదటి రోజుకి ఐదుకి ఒకటి, రెండో రోజుకి నాలుగు, మూడో రోజుకి ఐదు, నాలుగో రోజుకి నాలుగు. మళ్లీ పెడితే మా కాలేజీ నుంచి నలుగురిని పంపిస్తా, అందులో ఇద్దరు ఆఫీసువాళ్లూ ఒక లైబ్రేరియనూ ఉండాలని ఇప్పటికే అడిగా. మీరు డబ్బు కట్టేముందు సెంటర్‌వాళ్లని ఈ ఒక్క ప్రశ్న అడగండి: మా సబ్జెక్టులో మేమే దాన్ని పరీక్షించే సమయం ఎన్ని గంటలు? రెండు గంటలకంటే తక్కువంటే వద్దనండి.

ఒంగోలు వచ్చాక సోమవారం ఆ అమ్మాయికి ఫోన్ చేశా. తను డిగ్రీ అయిపోయి బీఈడీ ఎంట్రన్స్‌కి చదువుతోంది. రమ్మని, ఆ పాత పేపర్ ముందు పెట్టి ఒక్కో పేరా ఎందుకట్లా రాశావో చెప్పమ్మా అని అడిగా. నలభై నిమిషాలు చెప్పింది, ఏ మాట డిక్షనరీలో ఎక్కడ దొరికిందో, ఏ వాక్యం మూడుసార్లు కొట్టేసి రాసిందో కూడా, ఆ రఫ్ నోట్‌బుక్ ఇంకా దాచుకుంది. నా తప్పు నేను ఒప్పుకుని తనకి క్షమాపణ చెప్పా. మార్కులు మార్చమని మేం ముగ్గురం సంతకాలు చేసి అర్జీ పెట్టాం, యూనివర్సిటీ నుంచి ఇంకా జవాబు రాలేదు, వారానికోసారి ఫోన్ చేసి కనుక్కుంటున్నా.

ఈ సెమిస్టర్ నుంచి మా బీఏ పిలకాయలకి అసైన్‌మెంట్ మార్చాం. ఎడమ పేజీలో టూల్ ఇచ్చిన పద్యం, కుడి పేజీలో లైబ్రరీ పుస్తకంలో ఉన్న పద్యం, గణాలు వేసి ఎర్ర ఇంకుతో తేడాలు. మొన్న ఒక పిల్లోడు తెచ్చిన పేజీలో ఎడమవైపు మొత్తం ఎర్రగా ఉంది, కింద పెన్సిల్‌తో "నాలుగో పాదంలో యతి మాత్రం కుదిరింది మేడం" అని రాశాడు. చూశా, నిజంగానే కుదిరింది.